చెరిగిన సుద్ద గీత

యాభై ఏళ్ళకు పైగా ఒక మనిషి పేరు నా మీద బరువుగా ఉంది. ఆ బరువు ఎవరికీ కనబడదు. నేను లేస్తాను, తింటాను, పేపరు చదువుతాను, మనవళ్ళ మీద అరుస్తాను. అది మాత్రం దిగదు. పోలయ్య అనే ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆయన బతికి ఉండగా చెప్పవలసిన మాటను, ఆయన పోయాక, ఎవరో తెలియని మీకు చెబుతున్నాను.

నా పేరు చెప్పను. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడమని మీరు అడగవచ్చు. అడగండి. పిరికితనం అంటే అదేననుకోండి.

మొన్న మా మండలంలో నలుగురు పెద్దమనుషులు వచ్చారు. నాకు శాలువా కప్పుతారట. బడికి పోకుండానే ఇంజనీరంతటి వాడినయ్యానట. నా జీవితం గురించి రెండు పేజీలు రాసిస్తే సభలో చదువుతామన్నారు. సరేనని కూర్చున్నాను. కాగితం మీద కలం పెడితే వచ్చింది ఇది. ఇది వాళ్ళకు ఇవ్వను. చించేస్తే చించేస్తాను. కానీ ముందు రాయాలి.

నేను పెద్దగా బడికి పోని మాట నిజమే. రెండో తరగతితో సరి. బిట్రగుంట రైలు షెడ్డులో పనిచేసి దిగిపోయిన ఒక ముసలాయన దగ్గర గ్యాసు వెల్డింగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు రైలు పెట్టెల మీద చూసి నేర్చుకున్నాను. నిఘంటువు ఒకటి కొనుక్కుని ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ యంత్రాల పుస్తకాలు చదివాను. ఒక పేజీకి వారం పట్టేది. అట్లా నేర్చుకున్నవాడికి గర్వం ఉంటుంది. ఉండకూడదా? నాకు ఎవరూ ఏమీ ఊరికే ఇవ్వలేదు. కాలేజీలో చదివి వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఆ మంట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో సగం అదే.

అరవైల మొదట్లో మాట. బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఒక పల్లె. చేపలు పట్టేవాళ్ళ పల్లె. అక్కడి చేపలు కావలి స్టేషనుకు చేరి రైలెక్కితేనే వాటికి విలువ. అంతకుముందు ఎడ్లబండ్ల మీద పోయేవి, సగం దారిలోనే చెడిపోయేవి. మా షావుకారు ఒకాయన, యుద్ధం అయ్యాక పటాలం వాళ్ళు వేలం వేసిన లారీని ఒకటి తెచ్చాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే లారీ. ఇసుకలో అది నడిచినట్టు మరేదీ నడవలేదు. ఆ రోజుల్లో అది దిబ్బల మీద పోతుంటే పిల్లలు వెంటపడేవాళ్ళు.

దాన్ని తోలినవాడు పోలయ్య. ఆ పల్లెవాడే. తండ్రి, తాత అందరూ పడవల మీద పోయినవాళ్ళు. ఆ పల్లెలో స్టీరింగు పట్టుకున్న మొదటి మనిషి ఆయనే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడితే నవ్వించేవాడు. లారీని చేత్తో తట్టి, దాని మొహం ముందు దణ్ణం పెట్టిగానీ ఎక్కేవాడు కాదు.

ఒక సంగతి వివరించాలి. అది తెలియకపోతే నా తప్పు ఏమిటో మీకు తెలియదు. ఆ లారీ నడుమ ఒక గేరుపెట్టె ఉంటుంది. అందులోనుంచి వెనక చక్రాలకు ఒక షాఫ్టు పోతుంది, ముందు చక్రాలకు ఒక షాఫ్టు పోతుంది. షాఫ్టు అంటే బోలుగా ఉండే ఇనుప గొట్టం, తిరుగుతూ బలాన్ని మోసుకుపోతుంది. డ్రైవరు పక్కన ఒక చిన్న లివరు. వెనక్కి లాగితే ముందు చక్రాలు కూడా లాగుతాయి. ముందుకు తోస్తే అవి ఊరికే దొర్లుతాయి. దాన్ని అందరూ ముందు గేరు అనేవాళ్ళు. ఇసుకలో వెయ్యాలి, తారు రోడ్డెక్కగానే తియ్యాలి. తియ్యకుండా గట్టి రోడ్డు మీద తోలితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. ఇది లారీ తోలేవాళ్ళందరికీ తెలుసు.

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. గేరు తీసేసినా ముందు షాఫ్టు ఆగదు. చక్రాలు దొర్లుతున్నంతసేపూ వాటితో పాటు అదీ తిరుగుతూనే ఉంటుంది. ఇది నాకు తెలుసు.

ఆ ఏడు దసరాకు ముందు షావుకారు నా షెడ్డుకు వచ్చాడు. పల్లెకూ రోడ్డుకూ మధ్య ఒక ఉప్పుటేరు అడ్డం. కార్తెల వానలు మొదలైతే ఏట్లో నీళ్ళు నడుమెత్తు వస్తాయి, ఇంజను మునుగుతుంది. లారీని జానెడు పైకి లేపమన్నాడు. కావలిలో అడిగితే ఎవరూ ఒప్పుకోలేదట. నేను ఒప్పుకున్నాను. వాళ్ళు ఒప్పుకోలేదన్నందుకే ఒప్పుకున్నాను.

కమాను పట్టీలకూ ఇరుసులకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి లారీని లేపాను. లేచింది. దర్జాగా లేచింది. కానీ బండి పైకి పోయింది, ఇరుసు కిందే ఉండిపోయింది. ముందు షాఫ్టు పొట్టిదైపోయింది. షాఫ్టుకు ఒకవైపు ఒకదానిలో ఒకటి జారే జోడు ఉంటుంది. అది ఇప్పుడు రెండు వేళ్ళ మేర మాత్రమే పట్టుకుని ఉంది. గోతిలో పడితే ఊడివస్తుంది. షాఫ్టును కోసి, మధ్యలో నాలుగు వేళ్ళ ముక్క అతికి, పొడుగు చెయ్యాలి.

కొయ్యడానికి ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా గొట్టం మీద ఒక గీత గీస్తారు. రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపేటప్పుడు ఆ గీతా ఈ గీతా ఒకే వరుసలోకి రావాలి. ముందు ఎట్లా ఉందో అట్లాగే కలవాలి. పుస్తకంలో చదివాను. ఎందుకు కలవాలో రాసిన పేజీ కూడా ఉంది. అందులో నాకు రాని మాటలు చాలా ఉన్నాయి. దాటేశాను.

ఉలితో గియ్యాలి. ఇనుము మీద గుర్తు ఇనుముతోనే పెట్టాలని నాకు వెల్డింగు నేర్పిన ముసలాయన వందసార్లు చెప్పాడు. నేను సుద్దముక్కతో గీశాను. సాయంత్రం అయింది, ఉలి ఎక్కడో కింద ఉంది, వంగి తియ్యడానికి బద్ధకం. అంతే. ఆ గీత వెంట కొలుచుకుని షాఫ్టును రెండు చేసి పక్కన పెట్టాను. మర్నాడు ఆయుధపూజ.

మా వైపు ఆ రోజు ఇనుమును ముట్టుకుని పని చెయ్యం. ముందురోజు రాత్రి గాని, ఆ రోజు పొద్దున గాని, షెడ్డులో ఉన్న ప్రతి ఇనుప వస్తువునూ చింతపండుతో తోమి, కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతాం. స్పానర్లు, సుత్తులు, ఆకురాళ్ళు, జాకీ, అన్నిటికీ. నేను పొద్దునే స్నానం చేసి షెడ్డుకు పోయేసరికి పోలయ్య వచ్చి ఉన్నాడు. లారీని కడిగాడు. ముందు బంతిపూల దండ కట్టాడు. నా సామాన్లన్నీ తోమి చాప మీద వరుసగా పేర్చాడు. ఆ వరుసలో షాఫ్టు ముక్కలు రెండు. పసుపు పచ్చగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కదానికి మూడు బొట్లు.

నా సుద్ద గీత ఎక్కడా లేదు. కంగారు మొహంలో కనబడనివ్వలేదు.

“ఏంది మేస్త్రన్నా, అట్ట చూస్తన్నావు?” అన్నాడు పోలయ్య. “మా యమ్మ కూడా ఇంత బాగా తోమలేదు ఇత్తడి చెంబుల్ని. ఒక టెంకాయ ఎక్కువ కొట్టాల నువ్వు నాకు.”

“కొడతాలే.”

“లారీని పెంచి పెంచి ఒంటెను చేసి పెట్టినావు. రేపటి నుంచి నేను ఎక్కాలంటే నడుముకు మోకు కట్టుకోని తాటిచెట్టు ఎక్కినట్టు ఎక్కాల.”

నేను నవ్వలేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. గొంతు తగ్గించాడు.

“అన్నా, ఒక మాట. ఆ షాఫ్టు ముక్కల మీద పొడుగ్గా సుద్ద గీత ఒకటి ఉన్నింది. తోమితే పొయ్యింది. అదేమన్నా పనికొచ్చే గీతా?”

ఇక్కడే. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. ఆయన అడిగాడు. దాచలేదు, నాకెందుకులే అనుకోలేదు. తుడిచింది నేనేనని తనంతట తాను చెప్పాడు. నేను అవునురా అని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఇద్దరం కూర్చుని తల గోక్కునేవాళ్ళం. ఆ రెండు ముక్కలూ తీసుకుని కావలి పోయి, తెలిసినవాడిని ఒకడిని అడిగేవాళ్ళం.

“సుద్ద గీతే గదరా,” అన్నాను. “పోతే పోనీ.”

“కాదన్నా. నువ్వు ఊరికే గియ్యవు. గోరంత ముక్కను కూడా కొలిచి కోసేవోడివి.”

“యాడ అతకాల్నో నాకు తెలీదంటావా? నేను నీకు తోలేది నేర్పినానా? నువ్వు నాకు అతికేది నేర్పబాక.”

“కోపం చేసుకోబాకన్నా. దాని మీద కూచోని తోలేది నేను గదా, అందుకని అడిగినా.” రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. “సరే సామీ. నీ చెయ్యి పడితే చాలు. నాకేం బయం లేదు.”

నాకేం భయం లేదన్నాడు.

కావలికి ఎందుకు పోలేదో చెప్పాలి. అక్కడ ఒక పెద్ద వర్క్‌షాపు ఉండేది. దాన్ని చూసుకునే కుర్రవాడు పాలిటెక్నికు చదివినవాడు. అంతకు ఏడాది ముందు ఒక సందేహం అడగడానికి పోతే, నా చేతిలోని పుస్తకం లాక్కుని, పదిమంది ముందు ఒక మాట చూపించి, దీన్ని పలుకు చూద్దామన్నాడు. నేను పలికాను. నేను పలికిన తీరుకు వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. వాడి నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే, తగ్గలేదు, తగ్గించుకోను కూడా. అయితే ఏమిటి? వాడు నవ్వినందుకు పోలయ్య కాలు విరగాలా? ఈ ప్రశ్నను నేను ఎన్ని వందల సార్లు వేసుకున్నానో. ప్రతిసారీ ముందు ఆ కుర్రవాడి మొహమే గుర్తొస్తుంది, ప్రతిసారీ వాడిని తిట్టుకుంటాను, తిట్టడం అయిపోయాక చూస్తే పోలయ్య అక్కడే నిలబడి ఉంటాడు.

పండుగ మర్నాడు షాఫ్టు అతికాను. గొట్టం మీది పాత రంగు చారలు చూసి, గీత ఇక్కడ ఉండి ఉంటుందనుకున్నాను. అనుకున్నాను, అంతే. అతుకు మాత్రం అద్భుతంగా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. బిగించాను. లారీ ఇసుకలో ఎక్కింది, ఏరు దాటింది. షావుకారు నాకు కొత్త పంచె పెట్టాడు.

వారం తిరగకముందే పోలయ్య వచ్చాడు. తారు రోడ్డు మీద కాస్త వేగం అందుకుంటే కాళ్ళ కింద చెక్కలు గజగజలాడుతున్నాయన్నాడు. ఆ లారీకి డ్రైవరు కాళ్ళ కింద ఉండేది చెక్క పలకలే, వాటి కిందనే షాఫ్టు. నేను బండి కింద దూరి చూశాను. కళ్ళకు ఏమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే కనబడేదాకా చూడలేదు. దిమ్మలు కొత్తవి, సర్దుకుంటాయిలే అని చెప్పి పంపించాను. మళ్ళీ వచ్చాడు. మెల్లగా తోలుకోమన్నాను. మెల్లగా పోతే రైలు తప్పిపోతుందన్నాడు. మూడోసారి రాలేదు.

వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఒకతను సైకిలు మీద వచ్చి, రోడ్డు మలుపులో లారీ పొలంలోకి పోయిందని చెప్పాడు. ఆ సైకిలు మీదనే వెనక కూర్చుని పోయాను. లారీ వరిమడిలో ముక్కు గుచ్చి నిలబడి ఉంది. చేపల గంపలన్నీ చెల్లాచెదురుగా బురదలో. వంజరాలు, మాగలు, వరి మొక్కల మధ్య వెల్లకిలా. పైన కూర్చుని వస్తున్న ఇద్దరు కూలీలు ముందే దూకేసి బయటపడ్డారు. పోలయ్యను అప్పటికే ఎడ్లబండి మీద కావలి ఆసుపత్రికి తీసుకుపోయారు. షాఫ్టు ముందు కొస దగ్గర జాయింటు పగిలి, తిరుగుతూ తిరుగుతూనే ఎగిరి, చెక్కలు పగలగొట్టుకుని పైకొచ్చి ఆయన కుడికాలి మీద కొట్టింది. మోకాలి కింద. ఆ కాలితోనే బ్రేకు తొక్కాలి.

జనం గంపలు ఏరడంలో ఉన్నారు. షావుకారు ఇంకా రాలేదు. నేను ముందు కింద చూశాను. విరిగిన షాఫ్టు కొస బురదలో పడి ఉంది. దాన్ని కడిగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. షాఫ్టుకు ఈ కొసన రెండు చెవులు, ఆ కొసన రెండు చెవులు ఉంటాయి. ఈ చెవులు ఎటు చూస్తే ఆ చెవులూ అటే చూడాలి. అప్పుడు, ఆ బురదలో మోకాళ్ళ మీద ఉండగా, ఆ దాటేసిన పేజీ నాకు అర్థమైంది. నేను అతికిన షాఫ్టులో చెవులు ఒకదానికొకటి వేలెడు పక్కకు తిరిగి ఉన్నాయి. తిరిగిన ప్రతి చుట్టూ అది జాయింటును కుదిపింది. నెల రోజులు కుదిపి కుదిపి పగలగొట్టింది.

తర్వాత లారీ లోపలికి ఎక్కాను. ఎందుకు ఎక్కానో నాకే తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తెలిసే ఎక్కాను.

పగిలిన చెక్కల మధ్య రక్తం. పక్కన లివరు. అది ముందుకు తోసి ఉంది. అంటే గేరు తీసి ఉంది. ఇసుక అయిపోయి రోడ్డెక్కగానే పోలయ్య ఎప్పటిలాగే తీశాడు. చెయ్యవలసింది చేశాడు.

నేను చెయ్యి చాపి దాన్ని వెనక్కి లాగాను.

ఇంతే. ఒక క్షణం పట్టింది. కిర్రుమని చప్పుడు కూడా రాలేదు. దిగి, షావుకారు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఆయన రాగానే నేనేమీ చెప్పలేదు. లోపల చూడమన్నాను. ఆయనే చూశాడు. ఆయనే అన్నాడు, “ముందు గేరు ఏసే ఉన్నిందే!” అని. నేను తల ఊపాను. ఆ తర్వాత చూసిపోయిన మోటారు అధికారి కూడా అదే రాసుకుపోయాడు.

పది రోజుల తర్వాత పల్లెలో పెద్దలు కూర్చున్నారు. ఆ లారీలో ఉన్నది షావుకారు సరుకు ఒక్కటే కాదు, ఊరందరి వేట. చేసిన తప్పుకు ఊరి ముందు నిలబడి ఒప్పుకోవడం అక్కడి కట్టుబాటు. పోలయ్యను మంచం మీద మోసుకొచ్చారు. నన్ను పిలిపించారు, యంత్రం సంగతి తెలిసినవాడినని.

“నేను తీసినా పెద్దయ్యా,” అంటున్నాడు పోలయ్య. “దిబ్బ దిగినాక తీసినట్టే ఉండాది నాకు.”

“ఉండాది అంటే?” అన్నాడు పెద్ద. “తీసినావా, తీసినట్టుండాదా?” నా వైపు తిరిగాడు. “మేస్త్రీ, నువ్వు చెప్పు. నువ్వు చూసినావు గదా.”

పోలయ్య నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. నేను నిజమే చెబుతానన్న నమ్మకం. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

“గేరు పడే ఉన్నింది,” అన్నాను.

పోలయ్య కట్టు కట్టిన కాలిని చాచిపెట్టి, మంచం మీదనే వంగి, రెండు చేతులూ కిందికి దించి నేలకు తాకించాడు. “మేస్త్రన్న చెప్పినాడంటే అంతే. మరిచిపొయ్యుంటా. తప్పయిపొయ్యింది,” అన్నాడు.

తప్పు చెయ్యనివాడు ఊరి ముందు ఒప్పుకున్నాడు. చేసినవాడు పక్కన నిలబడి చూశాడు, తర్వాత ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి ఇంటికి పోయాడు.

ఆ షాఫ్టును అతుకు దగ్గర కోసి, కమ్మరికి ఇచ్చి గునపాలు కొట్టించాను, ఎవరూ చూడకుండా. ఇంకొక షాఫ్టు చేశాను, ఈసారి ఉలి గీతతో, రెండు కొసల చెవులూ సరిగ్గా ఒకే వరుసలో పెట్టి. అది ఏళ్ళ తరబడి నడిచింది. ఆ లారీ చూసే నా దగ్గరికి జనం వచ్చారు. నా పేరు అక్కడినుంచే పైకొచ్చింది. ఇప్పుడు శాలువా కప్పుతామంటున్నది ఆ పేరుకే.

పోలయ్య కాలు అతికింది గాని వంకరగా అతికింది. ఆయనను మళ్ళీ ఏ బండీ ఎక్కించుకోలేదు. గేరు మరిచిపోయే డ్రైవరని కావలి దాకా పాకింది. పడవను అలల్లోకి తొయ్యాలంటే రెండు కాళ్ళూ గట్టిగా ఉండాలి, అదీ పోయింది. ఒడ్డున కూర్చుని వలలు అల్లాడు. నలభై ఏళ్ళు అల్లాడు. నేను ఆ పల్లెకు ఎప్పుడు పోయినా లేచి నిలబడేవాడు, వద్దన్నా వినేవాడు కాదు.

మొదట్లో ఒకటి రెండు సార్లు చెబుదామనే పోయాను. ఏదో ఒక అడ్డు. పక్కన ఎవరో మనిషి ఉన్నాడని, ఎండగా ఉందని, ఆయన నవ్వుతున్నాడని. అడ్డు కావాలనుకున్నవాడికి అడ్డు దొరకకపోతుందా? ఏళ్ళు గడిచాక ఒకరోజు వల మీద నుంచి తలెత్తకుండా ఆయనే అన్నాడు.

“అన్నా, మొదట నేను తీసినాననే అనుకుంటా ఉంటి. రానురాను గుర్తొచ్చింది. ఆ పొద్దు మబ్బు పట్టి ఉన్నింది గదా, రైలు తప్పిపోతాదని ఆత్రంలో తియ్యలా. లివరు మీద చెయ్యి పెట్టి, తియ్యకుండానే చెయ్యి తీసేసినా. ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనపడతాది.”

నేను వింటూ కూర్చున్నాను. ఆయన కాలే పోయిందనుకున్నాను అంతవరకు. పనే పోయిందనుకున్నాను. ఆయన తన చేత్తో తాను చేసిన పనిని కూడా నేను ఆయన తలలోనుంచి తీసేశానని, దాని చోట నా అబద్ధం పెట్టానని, ఆ పెట్టినదాన్ని ఆయన తన జ్ఞాపకంగా చూసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఇద్దరమే ఉన్నాం. ఇసుక, వల, ఆయన, నేను. నోరు తెరిచాను. “ఎప్పటి మాటలో అయ్యి, పోనీలే పోలయ్యా,” అన్నాను. క్షమించినట్టు అన్నాను. నేను, ఆయనను.

ఆయన పోయినప్పుడు వెళ్ళాను. పెద్దకొడుకు పీతల వ్యాను తోలుతాడు. వచ్చినవాళ్ళతో తండ్రి గురించి చెబుతున్నాడు. మా నాయన మాకు ఒకటే చెప్పేవాడు, బండి దిగేముందు ఒకసారి, ఎక్కేముందు ఒకసారి అన్నీ చేత్తో ముట్టుకుని చూసుకోండి, నాలాగ మరిచిపోబాకండి అని. మనవళ్ళకూ అదే చెప్పేవాడట. మా తాత ఒకసారి గేరు మరిచిపోయినాడని ఆ పిల్లలు తలలూపారు. అక్కడ కూడా నేను నిలబడే ఉన్నాను.

ఇది రాస్తే ఏమవుతుంది? ఆయనకు కాలు రాదు. ఆ కొడుకు ఇది చదువుతాడో లేదో తెలియదు, చదివితే మేస్త్రీ ఎవరో పోల్చుకుంటాడు, అప్పుడు ఏమంటాడో తెలియదు. అనవలసిన మాటలన్నీ అనడానికి అతనికి హక్కుంది. నేను పోయి అతని ముందు నిలబడతానా? నిలబడతానని రాస్తే మీరు మెచ్చుకుంటారు. రాయను. ఇన్నేళ్ళుగా నిలబడనివాడిని. నా మాట నేనే నమ్మను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెవరు క్షమించడానికి? క్షమించవలసిన ఒక్క మనిషీ, క్షమించడానికి ఏమీ లేదనుకుంటూనే పోయాడు.

ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ రోజు పోలయ్య గేరు తీశాడు. దిబ్బ దిగి రోడ్డెక్కిన చోట, మబ్బు పట్టి ఉన్నా, రైలుకు వేళవుతున్నా, మరిచిపోకుండా తీశాడు. మళ్ళీ వేసిన చెయ్యి నాది. ఈ నాలుగు మాటలు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా తల దాటి బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చాయి. పొద్దున మొదలుపెట్టాను, మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే లేవలేదు. ఇప్పుడు ఆకలి వేస్తోంది.